కింది మంచం వరస

బర్ దుబాయ్‌లో బట్టల కొట్ల వెనక వీధిలో, లిఫ్టు లేని పాత బిల్డింగు మూడో అంతస్తులో మా గది. ఒకదాని మీద ఒకటిగా ఉండే జంట మంచాలు మూడు, మనుషులం ఆరుగురం. 2006లో సంగతి. గదికి పెద్ద ఒక మాస్టారు. మన దేశంలో ఉన్నప్పుడు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవారు, ఇక్కడ ఒక ఆఫీసులో అకౌంట్లు చూసేవారు. గది ఆయన పేరున ఉండేది కాబట్టి గదిలో మాట కూడా ఆయనదే.

మా గదికో ఆచారం ఉండేది. కొత్తగా వచ్చినవాడు పై మంచం ఎక్కాలి. కింది మంచం ఖాళీ అయితే, పైవాళ్ళలో ముందొచ్చినవాడు దిగాలి. కొన్నేళ్ళు పైన పడుకుంటే గాని నాకూ కింది మంచం దక్కలేదు. అందుకే ఆ ఆచారమంటే నాకూ గౌరవమే.

ఒక శుక్రవారం మాస్టారు నాకో పుస్తకం ఇచ్చారు. ఇటలీ ఫాసిస్టు పాలన మీద అక్కడి సంప్రదాయవాద తత్వవేత్త ఒకాయన రాసిన విమర్శ.

"చదువబ్బాయ్, ఉతికి ఆరేశాడు," అన్నారు.

ఆశగా మొదలుపెట్టాను. సగానికొచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది. ఆ పాలన జనాన్ని కొట్టిందనీ, జైళ్ళలో తోసిందనీ కాదు ఆయన బాధ. గుంపులను పోగేసిందట, జేజేల కోసం పాకులాడిందట, పూర్వం రాజుల కాలంలోలా ఎవరిని వాళ్ళ మెట్టు మీద నిలబెట్టలేకపోయిందట. అంటే అణచడం సరిపోలేదని ఫిర్యాదు! దెబ్బలు తిన్నవాడు ఆ పుస్తకంలో భూతద్దం పెట్టి వెతికినా కనపడలేదు.

సరిగ్గా ఆ వారమే, మా అందరిలోకీ కొత్తవాడైన కడప మిత్రుడి పాదం మీద గోదాములో బట్టల కట్ట పడింది. ఎముక విరిగింది. పిండికట్టుతో నిచ్చెన ఎక్కుతూ పళ్ళు బిగబట్టేవాడు. అతనికి కింది మంచం ఇద్దామన్నాను.

"వరస తప్పితే గది గది కాదబ్బాయ్," అన్నారు మాస్టారు. "ఇవాళ ఇతను కాలంటాడు, రేపు ఇంకొకడు నడుమంటాడు. గుంపు కేకలకు లొంగే కదా ఆ ప్రభుత్వం చెడింది."

"గుంపెక్కడుంది మాస్టారూ? విరిగింది ఒక్క కాలు!"

"ఖలాస్. ఆ మాట వదిలెయ్."

పంతం పట్టాను. నా పక్క చుట్టేసి, "నా మంచం అతనికిచ్చేశాను," అన్నాను. మాస్టారు గొంతు కూడా పెంచలేదు. పై మంచాల్లో అందరికన్నా ముందొచ్చిన నెల్లూరాయన్ని పిలిచి, "దిగవయ్యా, వరస నీది," అన్నారు. ఆయన నా మొహం చూడకుండా దిగి నా మంచం మీద దుప్పటి పరుచుకున్నాడు. నేను పైకి ఎక్కాను. కడప మిత్రుడు ఎక్కడివాడు అక్కడే. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పోనీ నేల మీద పడుకుంటానని అతనంటే, అది అందరూ నడిచే దారి అన్నారు మాస్టారు.

చివరికి అతను ఊరవతల ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఉన్న కంపెనీ కూలీల క్యాంపుకు పోతానని బ్యాగు సర్దుకున్నాడు. మాస్టారు గుమ్మం దాకా వచ్చి, ఖర్జూరాల పొట్లం అతని చేతిలో పెట్టారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నేనేమైనా తిట్టానా, కొట్టానా?"

నిజమే, పల్లెత్తు మాట అనలేదు. అందుకే నాకు ఇంకా మండింది. పుస్తకం తెచ్చి ఆయన మంచం మీద పడేశాను.

"ఇది రాసినాయన కూడా ఎవర్నీ కొట్టి ఉండడు లెండి," అన్నాను. ఆయన పుస్తకం తీసి, నలిగిన అట్ట సరిచేసి, దిండు పక్కన పెట్టుకున్నారు.

బ్యాగు నేను భుజాన వేసుకున్నాను. మిత్రుడు మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టే జరుగుతూ దిగుతున్నాడు. రెండో అంతస్తు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగాడు.

"అన్నా, మీరిద్దరూ ఆ పుస్తకం మీద ఒకటే కొట్లాడుకుంటా ఉండారు గదా. అది రాసినాయన కింది మంచంలో పండుకోని రాసినాడా, పై మంచంలోనా?"

"కింది మంచంలోనే," అన్నాను.

"అనుకుంటి లే," అని మళ్ళీ జరగడం మొదలుపెట్టాడు.