జూకాలో సెన్సారు

సెల్‌ఫోను కొన్నవాళ్లు దాన్ని మోయడానికి నడుముకో తోలుసంచి కూడా కొనుక్కునే ఆ రోజుల్లో, కంటికి ఆనని యంత్రాల గురించి పాఠం చెప్పి ఉద్యోగం కొట్టేద్దామని బయల్దేరాను నేను. గుడివాడలో ఒక ఇంజనీరింగు కాలేజీవాళ్లు డెమో క్లాసుకి పిలిచారు. అంతకుముందు రెండుచోట్ల "మీరు చెప్పింది మీకు తప్ప ఎవరికీ అర్థం కాలేదమ్మా" అని సాగనంపారు. మా గురువుగారు జాలిపడి, పిల్లలకి చూపించమని ఒక సెన్సారు ముక్క ఇచ్చారు. కారు దేన్నైనా గుద్దుకుంటే ఆ అదురు పసిగట్టి గాలిసంచి విప్పించే యంత్రం. మొత్తం కలిపి నువ్వుగింజంత. "గట్టిగా తుమ్మకమ్మా" అన్నారు.

ముందురోజు బందరులో పిన్ని ఇంట్లో దిగాను. పిన్ని రోల్డుగోల్డు నగలకి ఇంట్లోనే రాళ్లు అతికిస్తుంది. ఆ ఇంట్లో ఎండాకాలమైనా ఫ్యాను వెయ్యరు (రాళ్లు ఎగిరిపోతాయని). ఇంతకంటే భద్రమైన చోటేముందని సెన్సారుని ఆవిడ రాళ్ల పళ్లెంలో ఓ మూల పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి లేదు.

"పిన్నీ! ఇక్కడ బూడిదరంగులో మెరిసే ముక్క..."

"అదా? జూకాకి ఒక రాయి తక్కువైందే. ఎంత బాగా కుదిరిందో చూడు!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. గోకితే పగిలిపోద్దంది పిన్ని. నేను భోరుమన్నాను. "ఊరుకోవే తల్లీ, రెండోది కూడా ఇస్తాను, రేపు పెట్టుకెళ్లు" అని ఓదార్చింది. కోపంతో అన్నం కూడా తినలేదు.

మర్నాడు ప్రిన్సిపాలుగారు వెనక బెంచీలో కూర్చున్నారు. గత్యంతరం లేక "యంత్రం ఇదేనండీ" అని జూకా ఎత్తి చూపించాను. క్లాసంతా గొల్లుమంది. కానీ ప్రతివాడూ చేతిలోకి తీసుకుని చూశాడు. ఒట్టి ముక్కయితే మొదటి బెంచీలోనే మాయమయ్యేది.

"ఇంత చిన్నగా చేస్తే లాభమేంటి మేడమ్?" అన్నాడొకడు.

"మా పిన్ని రాళ్లు ఒక్కోటీ అతికించాలి. ఇవి ఒకే పలకమీద వేలకొద్దీ ఒకేసారి తయారవుతాయి. సరుకు తక్కువ, కరెంటు తక్కువ, ధర తక్కువ. అందుకే మామూలు కార్లకీ అందుతాయి. కాకపోతే, పట్టుకోడానికి దీనికో గూడు కావాలి. ఇదిగో, మా పిన్ని కట్టింది."

"ఇప్పుడర్థమైందమ్మా" అన్నారు ప్రిన్సిపాలుగారు. ఉద్యోగం ఇచ్చారు. గురువుగారు జూకా చూసి, నవ్వాపుకోలేక, దాన్ని నన్నే ఉంచుకోమన్నారు.

బందరు పరుగెత్తి పిన్నిని వాటేసుకుని జరిగిందంతా చెప్పాను. అంతా విని బుగ్గన చెయ్యేసుకుంది. "అంటే జూకాలు పెట్టుకోలేదా? అంతమంది ముందు బోసి చెవుల్తో నిలబడ్డావటే!"

ఇన్నేళ్లుగా ఎందరికో ఆ పాఠం చెప్పాను. నా మొదటి పాఠాన్ని నలుగురి చేతికీ అందేలా చేసింది పిన్నే. అలాంటి మనిషి వడ్డించిన అన్నం మీద అలిగి పడుకున్న ఆ పిచ్చిపిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కళ్లు కూడా చెమరుస్తాయి.