గిన్నెలో మిగిలిన కుంకుడుగింజ

నిన్న మా అత్తమ్మ చింతపండులోంచి గింజలు తీసి స్టీలు గిన్నెలో వేస్తుంటే, ఆ టక్కుమనే చప్పుడుకు కీబోర్డు మీద నా చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే ఎక్కడో తప్పు వాయించాననే అనిపిస్తుంది. అది వెంకన్న సార్ చేసిన అలవాటు.

సార్‌ది జనగామ. రైల్వేలో ఉన్నప్పుడు ఏదో క్లబ్బులో మూలనపడ్డ పియానో మీద జాజ్ నేర్చుకున్నారట. రిటైరయ్యాక పెళ్లిళ్లలో కీబోర్డు వాయించేవారు. నేను రఘునాథపల్లి నుంచి బస్సులో వెళ్లి ఆయన దగ్గర నేర్చుకునేదాన్ని. హైదరాబాదులో సంగీత కళాశాల ప్రవేశపరీక్షకు రెండు నెలలుందనగా, ఫోన్లో విన్న ఒక జాజ్ పియానో రచన మీద నాకు మనసు పడింది. పరీక్షలో అదే వాయించాలనుకున్నాను. సీటు రాకపోతే సంగీతం మానేసి బీఎడ్ చెయ్యాలని బాపు ముందే చెప్పాడు.

"గిది రెండు నెలలల్ల వస్తదా సార్?" అని అడిగాను.

"నన్నడిగితె ఏం లాభం బిడ్డా? వాయించు. అదే చెప్తది."

పక్కన స్టీలు గిన్నె పెట్టుకున్నారు. నా వేళ్లు తడబడితే ఒక చింతగింజ వేస్తారు. మధ్యలో ఆపి, తర్వాత వచ్చే స్వరాలు నోటితో పాడమంటారు. పాడలేకపోతే కుంకుడుగింజ పడుతుంది. "చింతగింజ చేతి కష్టం. నెల రోజులు కూసుంటె పోతది. కుంకుడుగింజ చెవి కష్టం. దానికి ఇన్ని దినాలని చెప్పలేం" అన్నారు.

వేగంగా సాగే భాగాన్నే ఇంట్లో రాత్రింబవళ్లు రుద్ది వచ్చాను కాబట్టి ధీమాగా వాయించాను. చింతగింజలు నాలుగే పడ్డాయి. కుంకుడుగింజలు మాత్రం పదకొండు. నాకు ఒళ్లు మండింది.

"మీరు కావాల్నని ఏస్తున్నరు సార్!"

ఆయన కోప్పడలేదు. నన్ను లేపి తాను కూర్చున్నారు. "ఇప్పుడు నువ్వెయ్యి. మొహమాటపడకు" అన్నారు. నేను మధ్యలో ఆపి పాడమన్నప్పుడు ఆయన పాడలేకపోయిన ప్రతిసారీ ఒకటి వేశాను. ఏడు కుంకుడుగింజలు!

"చూసినవా? నాకే గింత పనున్నది. పరీక్షకు వేరేది వాయించు. గిదాన్ని మాత్రం ఇడిసిపెట్టకు."

తనకు రానిదాన్ని అలా ముందు పెట్టి చూపించిన పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు. సిగ్గుతో ఏడ్చేశాను. తేలికైన రచనే వాయించాను, సీటొచ్చింది.

ఆ జాజ్ రచన నాకు పట్టుబడడానికి నాలుగేళ్లు పట్టింది. వినిపిద్దామని వెళ్తే, పక్షవాతంతో సార్ ఎడమచెయ్యి పడిపోయి ఉంది. గిన్నె ఒళ్లో పెట్టించుకుని విన్నారు. చివరిదాకా ఒక్కటే కుంకుడుగింజ పడింది.

"నడుమ ఒక్కకాడ నువ్వు ఇనలే, తాళం లెక్కబెట్టుకుంట పోయినవ్" అని నవ్వారు. "నాయి ఇంక మూడున్నయి బిడ్డా."

అప్పుడు తెలిసింది. కుడిచేత్తో వాయిస్తూ, ఎడమచేతిది నోటితో పాడుకుంటూ ఆయన కూడా నేర్చుకుంటూనే ఉన్నారని.

సార్ పోయాక వాళ్లావిడ ఆ గిన్నె నాకిచ్చింది. అందులో ఒకే కుంకుడుగింజ ఉంది. అది ఆ రోజు నాకు పడ్డదో, సార్ మూడింటిలో మిగిలిందో తెలియదు. దాన్ని నేను తీయలేదు.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలు ఏదైనా కొత్త రచన తెచ్చి, "గిది కష్టమా మేడం?" అని అడుగుతారు. ముందు నేను కూర్చుని, గింజలు వాళ్ల చేతికిస్తాను.