పెనుకొండ అంగట్లో మొగలి అత్తరు

ముప్పై ఏళ్లు నమ్మిన మనిషి ఈ రోజు నన్ను నిలువునా ముంచినాడు. రాజులు పునుగు, జవ్వాది పూసుకున్న సంగతులు బడిలో పాఠం చెప్పినదాన్ని నేను. మనవరాలు స్ప్రే కొట్టుకుంటే "దోమలకా?" అని అడిగే రకం. ధర్మవరం పట్టుచీరల మడతల్లో పెట్టే దూదిని కూడా పెనుకొండ మస్తాన్ అమ్మే మొగలి అత్తరుతోనే తడుపుతాను.

పొద్దున హిందూపురం నుంచి బస్సులో ఆ అంగడికి పోతే, మస్తాన్ ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాన్‌లోంచి మొగలి అత్తరు సీసాలు నింపుతాండాడు.

"ఏమప్పా, మొగలిపూలు క్యాన్లలో ఎప్పట్నుంచి పూస్తాండాయి?" అంటిని.

"మొదట్నుంచీ ఇదే కదా టీచరమ్మా. బెంగళూరు కెమికల్."

"ఇన్నేండ్లూ నన్ను మోసం చేస్తివా?"

"అసలు పూలది ఒకసారి ఇచ్చింటినమ్మా. మర్నాడే తెచ్చి, ఇది డూప్లికేటు, నాకు పాతదే ఇయ్యి అని నలుగురి ముందర కడిగేస్తిరి."

నిజమే. ఆ రోజు ఇంటికొచ్చి, నా ముక్కును ఎవరూ మోసం చెయ్యలేరని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మస్తాన్ అసలుది ఇంకోసారి దూదికి అద్ది చేతికిచ్చినాడు. కళ్ళు మూసుకుని శ్రద్ధగా వాసన చూసినాను. ఇప్పటికీ నా ముక్కుకు అసలుదే డూప్లికేటు అనిపించింది. మళ్ళీ క్యాన్‌దే తెచ్చుకున్నాను.

మస్తాన్‌ను క్షమించినా గానీ, ఇంట్లో మనిషే మోసం చేసినట్టు, నా ముక్కు మీద కోపం పోలేదు. మీ ముక్కులు ఇంతకన్నా నమ్మకస్తులేనా?