మా కొండకు ఎదురుగా నా సంతకం

ఆ దఫా మా పంచాయతీ సర్పంచి పదవి గిరిజన మహిళకు రిజర్వయింది. కింది ఊరంతా వరి పండించే రైతు కుటుంబాలు. మేం సవర గిరిజనులం, కొండవాలు మీది చిన్న గూడేల్లో ఉంటాం. మా ఆడవాళ్లలో పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే. కింది ఊరి పెద్ద రైతు ఒకాయన స్వయంగా కొండెక్కి మా ఇంటికి వచ్చాడు. తర్వాత ఉప సర్పంచి అయింది ఆయనే.

"నువ్వు మా కళ్ల ముందు పెరిగిన గుంటవి. నీకైతే ఊరంతా ఒప్పుకుంటాది. సంతకాలు పెడితే సాలు, మిగతాది మేం సూసుకుంటాం" అన్నాడు.

అందులో దురుద్దేశం ఉందని నేననను. మా అమ్మకు జ్వరం ముదిరినప్పుడు తన బండిలో టెక్కలి ఆసుపత్రికి చేర్చిన మనిషి. ఆయనకు ఎదురు చెప్పడం నాకెప్పుడూ కష్టంగానే ఉండేది. పోటీ లేకుండానే ప్రెసిడెంటునయ్యాను.

మా గూడేల పక్క వాగు దాటితే వచ్చే కొండ ఊళ్లు రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికి వస్తాయి. అక్కడ భూమిని గిరిజనులు తప్ప వేరేవాళ్లు కొనలేరు. సర్పంచి ఎప్పుడూ గిరిజనులే. మేమూ ఆ సవరలమే, మాదీ ఆ భాషే. వాగుకు అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకుంటాం. కానీ మా వైపు షెడ్యూలులో లేదు. ఎప్పుడో హద్దులు గీసినప్పుడు వదిలేశారట. మా జీడితోటలు ఒకటొకటిగా కింది ఊరి చేతుల్లోకి పోయాయి. మా పెదనాన్న ఇప్పుడు తన పాత తోటలోనే కూలికి జీడిపిక్కలు ఏరుతున్నాడు.

మా పంచాయతీని షెడ్యూలులో చేర్చమని తీర్మానం చేయాలని నేను గ్రామసభలో అడగబోతున్నట్టు తెలిసి ఉప సర్పంచి ముందురోజే నన్ను పిలిపించాడు.

"పెసిడెంటమ్మా, మీ గూడేలకి నీళ్ల గొట్టం కావాల, రాయించుకో. ఆ షెడ్యూలు మాట ఒగ్గేయ్. రేపు మా పిల్లల భూములు ఎవుడు కొంతాడు? ఆ కుర్సీలో మావోళ్లు ఇంకెప్పుడు కూకుంతారు?"

"మేం ఇన్నాళ్లూ కూకున్నామా బాబూ?" అన్నాను. కోపం కన్నా దిగులే కనిపించింది ఆయన ముఖంలో.

సభలో పెదనాన్న లేచి సవరలో మాట్లాడాడు. వెనక కుర్రాళ్లు నవ్వారు. తెలుగులో చెప్పించమన్నాడు పంచాయతీ కార్యదర్శి. నేను కుర్చీలోంచి లేచి పెదనాన్న పక్కన నిలబడి చెప్పాను: "పోయిన మా పెద్దల పేరిట నిలబెట్టిన రాళ్లు ఇప్పుడు వేరేవాళ్ల తోటలో ఉన్నాయి. అడిగితే పోనిస్తారు, కాదనరు. అడగకుండా పోవాలని ఉంది అంటున్నాడు."

చేతులెత్తమన్నారు. మావాళ్లందరూ ఎత్తారు. అయినా కింది ఊరి చేతులే ఎక్కువ. షెడ్యూలు విషయం చర్చించి తిరస్కరించడమైనదని కార్యదర్శి రాశాడు. దాని కిందే గూడేలకు నీళ్ల గొట్టం మంజూరు కోరుతూ ఇంకో తీర్మానం. రెంటికీ కలిపి ఒకటే సంతకం, సభాధ్యక్షురాలిగా నాది.

"పెదనాన్న మాటలు కూడా రాయండి" అన్నాను.

"అవి రాయరమ్మా. నిర్ణయం ఒక్కటే రాస్తారు" అన్నాడు కార్యదర్శి మెల్లగా.

సంతకం పెట్టకుండా వచ్చేశాను. ఎండలు ముదిరాయి. కొండ ఊట సన్నబడింది. గొట్టం సంగతి ఇంజినీరుని అడిగితే తీర్మానం అందలేదన్నాడు. గూడెం ఆడవాళ్లు బిందెలతో వాగుదాకా నడుస్తున్నారు. అమ్మ ఒక పొద్దున ఖాళీ బిందె నా ముందు పెట్టింది. "నీ కోపం నీకు ఉన్నాదే. ఈ ఆడోళ్లకి ఏటి సెప్తావు?"

ఆ రోజే వెళ్లి సంతకం పెట్టాను. ఉప సర్పంచి టీ తెప్పించాడు. "మంచి పని సేసినావమ్మా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను టీ అక్కడే వదిలి వచ్చేశాను.

వానలకు ముందే నీళ్లొచ్చాయి. పెదనాన్నకు జరిగింది నేనే చెప్పాను. తనను ఇక ఏ సభకూ పిలవొద్దని సవరలో అన్నాడు. ఆ తర్వాత కలెక్టరు ఆఫీసుకు నా అంతట నేనే వెళ్లాను. అది ఢిల్లీలో రాష్ట్రపతి చేయాల్సిన పని, తమ చేతుల్లో లేదన్నారు.

ఇప్పుడు రిజర్వేషను మారింది. కింది ఊరి యువ రైతు సర్పంచి అయ్యాడు. మొన్నటి గ్రామసభలో మా ఆడవాళ్ల మధ్యనుంచి లేచి మళ్లీ అదే అడిగాను. అతను మర్యాదగానే అన్నాడు: "అది మీరున్నప్పుడే తేలిపోనాది కదా అక్కా. సంతకం మీదే."

మా ఆడవాళ్లు నా ముఖంలోకి చూస్తున్నారు. కార్యదర్శి వీధి దీపాల విషయం చదవడం మొదలుపెట్టాడు. నేను మాత్రం నిలబడే ఉన్నాను.