యువరాణి పక్క మైకు

భీమునిపట్నంలో సువార్త సభ పెట్టినప్పుడల్లా వేదిక మీద రెండు మైకులుంటాయి. ఒకటి ప్రసంగీకుడిది. దానికి ఎడమవైపు, ఒక అడుగు వెనగ్గా ఉండేది తర్జుమా చేసేవాళ్ళది. ఆ రెండో మైకు ఇరవై ఆరేళ్ళుగా ఫ్లోరెన్స్ టీచరుది. అంతకుముందు ఆమె తండ్రి యోహాన్ గారిది.

ఆయన గొంతు పూర్తిగా పోయిన రోజున ఫ్లోరెన్స్‌కి పదిహేడేళ్ళు. సభకి ఇంకో గంట ఉందనగా కూతుర్ని పక్కకి పిలిచి, గాలి తప్ప స్వరం లేని గొంతుతో పాఠం చెప్పాడు. "ప్రసంగీకుడు చెయ్యెత్తితే నువ్వెత్తు. ఆయన గొంతు లేస్తే నీదీ లేవాలి. ఆయన చెప్పనిది చెప్పకు. చెప్పింది మింగకు. అక్కడ నువ్వు లేవు, అంతే."

ఆ సాయంత్రం ప్రతి వాక్యం తరువాత ఆమె ముందు వరసలో కూర్చున్న తండ్రి వైపు చూసింది. ఆయన కదలకపోతే సరిగ్గా చెప్పినట్టు. పెదవి కొరికితే తప్పు. ఆయన పోయి పదకొండేళ్ళయినా ఏ సభలోనైనా ఆమె కళ్ళు ముందు వరసలో ఎడమ నుంచి మూడో కుర్చీని వెతుక్కుంటాయి.

ఆదివారాలు అలా గడిచేవి. మిగతా ఆరు రోజులూ ఆమె చింతలోవ సంస్థానం ట్రస్టు వారి బడిలో ఇంగ్లీషు చెప్పేది. భర్త కృపాకర్ అదే బడి బస్సు నడిపేవాడు. బడి వెనక ట్రస్టు వారి లైనిళ్ళలో పంతొమ్మిదేళ్ళుగా కాపురం. ఉద్యోగాలు రెండూ, ఇల్లూ ఒక్క గేటు లోపలే ఉన్నాయి. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు.

సంస్థానం ఎప్పుడో పోయింది. రాజావారు కూడా పోయారు. అయినా బడి, హాస్టలు, రెండు కల్యాణ మంటపాలు చూసుకునే ఆయన భార్యని ఊరంతా రాణిగారనే అనేది. కూతురు సుమేధ చిన్నప్పటి నుంచీ బయటే చదువుకుని, కిందటేడు ఇంటికొచ్చింది. వచ్చిన కొత్తలో ఏదో ప్రారంభోత్సవంలో తెలుగులో మాట్లాడింది. నాలుగు మాటలకోసారి ఆగిపోయేది. గట్టిగా పలకాల్సిన చోట మెత్తగా, మెత్తగా పలకాల్సిన చోట గట్టిగా పలికేది. వాక్యం అయ్యాక తల్లి వైపు చూసేది. ఎవరో ఆ చూపులన్నీ కత్తిరించి, అతికించి, డప్పుల చప్పుడు జోడించి ఫోన్లలోకి వదిలారు. 'నాలుగు నిమిషాల్లో ముప్పై ఒక్క చూపు' అని పైన రాశారు. 'రిమోటు అమ్మ చేతిలో' అని కింద ఇంకెవరో రాశారు. బడి స్టాఫ్ రూములో కూడా ఆ వీడియో తిరిగింది. అందరితో పాటు ఫ్లోరెన్స్ కూడా నవ్వింది.

అందుకే బడి వార్షికోత్సవానికి ఆ అమ్మాయి ఇంగ్లీషులోనే మాట్లాడాలని, పక్కన ఫ్లోరెన్స్ టీచరు తెలుగు చెప్పాలని రాణిగారు నిర్ణయించారు. ట్రస్టు మేనేజరు నీలకంఠం మూడు రోజుల ముందు ప్రసంగం కాగితం తెచ్చిచ్చాడు.

"అమ్మాయిగారు మెల్లగా మాటాడతారు. మీరు మీ సభల్లో లాగ గట్టిగా లాగించీండి టీచరుగారూ. జనానికి మీ గొంతే గుర్తుండాల."

ఆమె కాగితమంతా తెలుగులోకి రాసుకుని కంఠస్థం చేసింది. చివర్న హాస్టలు గురించి ఒక వాక్యం ఉంది: జాలరి కుటుంబాల ఆడపిల్లల హాస్టలుకి త్వరలో కొత్త భవనం.

వార్షికోత్సవం నాడు మధ్యాహ్నం షామియానా కింద ఐదొందల మంది కూర్చున్నారు. హాస్టలు పిల్లల తల్లులు విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి రెండు ఆటోల్లో వచ్చి వెనక వరసల్లో సర్దుకున్నారు. సుమేధ మాట్లాడింది, ఫ్లోరెన్స్ తర్జుమా చేసింది. చివరి దాకా అంతా కాగితం ప్రకారమే నడిచింది. చివరి వాక్యం దగ్గర ఆ అమ్మాయి కాగితం మడిచి పట్టుకుంది. తల్లి వైపు చూసింది. గొంతు ఇంకా తగ్గించి ఇంగ్లీషులో అంది: ఈ హాస్టలు ఈ ఏడుతో మూసేస్తున్నారు. స్థలం వేరేవాళ్ళకిస్తున్నారు. వద్దని నేను మా అమ్మని అడిగాను. మీకు ముందే తెలియాలి.

ఫ్లోరెన్స్ నోరు తెరిచింది. ముందు వరసలో ఎడమ నుంచి మూడో కుర్చీలో రాణిగారున్నారు. ఆమె కూతురి వైపు చూడటం లేదు. ఫ్లోరెన్స్ వైపే చూస్తున్నారు. కోపమేమీ లేదు ఆ మొహంలో. ఊరికే చూస్తున్నారు. ఇంగ్లీషు తెలిసిన టీచర్లు నలుగురూ ఒళ్ళో చేతుల వైపు చూసుకుంటున్నారు. ఆ తరువాత తన గొంతు తనకే వినబడింది, ఎప్పటిలాగే ఖంగుమంటూ.

"మన హాస్టలు ఆడపిల్లలకి త్వరలో కొత్త భవనం కట్టిస్తామని మాటిస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. వెనక వరసల్లో ఒకామె ఈల కూడా వేసింది. సుమేధ తల తిప్పి ఫ్లోరెన్స్‌ని చూసింది. ఆ చూపుతో టీచరుకి అర్థమయింది. ఈ పిల్లకి తెలుగు మాట్లాడటమే రాదు. వినడం బాగానే వచ్చు.

మర్నాటికి ఆ వాక్యం ఒక్కటే కత్తిరించి ఫోన్లలో పెట్టారు. సుమేధ పెదవులు కదులుతున్నాయి, వాటి మీద అతికించింది మాత్రం ఫ్లోరెన్స్ గొంతు. 'మళ్ళీ అమ్మ రాసిచ్చిందే చదివింది' అని కింద రాశారు. ఫ్లోరెన్స్ అది ఏడుసార్లు చూసింది. ఫోను చెవికి ఆనించి, తన గొంతు కింద ఆ అమ్మాయి గొంతు ఏమైనా వినబడుతోందేమోనని వెతికింది. కొద్దిగా వినబడుతోంది. చెవి పెట్టి వినేవాడెవడైనా ఉంటే దొరికిపోతుంది.

నీలకంఠం వచ్చాడు. "రాణిగారు సాలా సంతోషించారు. శుక్రవారం హార్బర్లో సేపలమ్మే ఆడోళ్ళకి ఐసు పెట్టెలిస్తన్నారు. అక్కడా మీరే రావాల. ఇకమీద ఎక్కడైనా అమ్మాయిగారి పక్కన మీరేనంట." గుమ్మం దాటబోతూ గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. "మీ ఇంటికి సున్నం ఏయించమన్నారు."

అతను వెళ్ళాక కృపాకర్ ఆ గోడనే చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళాం ఏం చేసిందో అతనికి ముందు రోజే చెప్పింది.

"ఒగ్గేయ్," అన్నాడు. "నువ్వు సెప్పినా సెప్పకపోయినా మూసేత్తారు. మనం రోడ్డు మీద పడితే ఆ పిల్లలకేటి ఒరుగుతాది?"

"నేను ఆమె చెప్పనిది చెప్పానండీ."

"సెప్తే సెప్పావు. రాణిగారికి బాగుంది, జనానికి బాగుంది. బాగోనిది నీకొక్కదానికే."

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే హాస్టలు గేటు దగ్గర రామలక్ష్మమ్మ కనబడింది. హార్బర్లో చేపలమ్ముతుంది. కూతురు దుర్గ ఫ్లోరెన్స్ క్లాసులోనే తొమ్మిది చదువుతోంది. దుర్గ కోసం తెచ్చిన ఎండు నెత్తళ్ళ పొట్లం ఆమె చంకలో ఉంది.

"టీచరమ్మా! నీ గొంతు బంగారమమ్మా. ఆ చినరాణిదీ ఒక గొంతేనేటి, దోమ పాట! ఇలగ, ఇలగ సూత్తాది," అంటూ రామలక్ష్మమ్మ మెడ తిప్పి, దొంగచూపు చూసి, తిప్పి, పకపకా నవ్వింది. "అమ్మ తలాడిస్తే గానీ గుటక మింగదు కామాల. పోన్లే, మంచి మాటే సెప్పింది. కొత్త బిల్డింగంట."

ఫ్లోరెన్స్ నవ్వడానికి ప్రయత్నించింది.

"మరేటంటే, మా దుర్గకి గురుకులంలో సీటొచ్చిందమ్మా. శనివారం లోపల ఎల్లి సంతకం ఎట్టమన్నారు. ఎట్టకపోతే ఏరే పిల్లకి ఇచ్చేత్తారంట. అది దూరం. ఇక్కడే కొత్త బిల్డింగు కడతంటే ఎందుకింక? నాను ఎల్లను."

ఫ్లోరెన్స్ దగ్గరికి జరిగింది. "రామలక్ష్మమ్మా..." అంది.

"ఏటమ్మా?"

హాస్టలు వరండాలో వార్డెను నిలబడి ఉంది. బట్టలారేసుకుంటున్న పిల్లలున్నారు. వెనక, లైనిళ్ళ దగ్గర, సున్నం డబ్బాలు అప్పుడే దించుతున్నారు.

"ఏం లేదు. దుర్గ లెక్కల్లో కొంచెం వెనకబడింది. చూసుకో."

ఆ వారం ఆమెకి అన్నం సహించలేదు. బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోయేది. దుర్గ చెయ్యెత్తితే చూడనట్టు ఉండిపోయేది. గేటు చప్పుడైతే ఉలిక్కిపడేది. నిజం బయటపడిందని ఎవరైనా వస్తున్నారా, ఇల్లు ఖాళీ చెయ్యమనడానికి వస్తున్నారా, రెండూ ఆమెకి ఒకేలా వినబడేవి.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి హార్బర్‌లో చేపల వేలంపాటలు ముగిశాయి. ఐసు ఫ్యాక్టరీ పక్కన వేదిక కట్టారు. రాణిగారు దిగి పెద్దలతో మాట్లాడుతుండగా కారులో సుమేధ, ఫ్లోరెన్స్ మాత్రమే మిగిలారు. డ్రైవరు బయట నిలబడ్డాడు.

"టీచర్," అంది సుమేధ తెలుగులో. ఒక్కో మాట తూకం వేసి పెడుతున్నట్టు అంది. "మీరు... నేను చెప్పింది... చెప్పలేదు."

ఫ్లోరెన్స్ చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. "నాకు భయమేసిందమ్మా. మా ఇల్లు అక్కడే. మీరే తెలుగులో చెప్పెయ్యండి అమ్మగారూ. మీకొచ్చు కదా."

"చెప్పాను. ఆ మొదటి వీడియో. అందులో కూడా చెప్పాను, హాస్టల్ మూయవద్దు అని." ఆగింది. తరువాతి మాట కోసం వెతుక్కుంది. "అందరూ... ఎలా చెప్పానో చూశారు. ఏం చెప్పానో వినలేదు."

ఫ్లోరెన్స్ తలెత్తలేదు. ఆ వీడియో తనూ చూసింది. ముప్పై ఒక్క చూపులూ లెక్కపెట్టింది. అందులో ఒక్క మాట కూడా ఆమెకి గుర్తుకు రాలేదు.

"మా అమ్మ వైపు చూస్తాను. ఎందుకు అంటే..." సుమేధ ఆపేసి, మెడ దగ్గర వేలితో అడ్డంగా గీసి చూపించింది. "భయం. మీకులాగే." అద్దంలోంచి వేదిక వైపు చూసింది. "ఈ రోజు మళ్ళీ చెప్తాను."

నీలకంఠం వచ్చి కారు తలుపు తీశాడు.

వేదిక ముందు రెండొందల మంది ఆడవాళ్ళు నేల మీద గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్ళ వెనక నీలం రంగు ఐసు పెట్టెలు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. రామలక్ష్మమ్మ మొదటి గోనెపట్టా మీదే ఉంది. ఫ్లోరెన్స్‌ని చూసి చెయ్యూపింది. రాణిగారు కుర్చీల వరసలో కూర్చున్నారు. ఎడమ నుంచి మూడో కుర్చీయే.

సుమేధ నమస్కారం అంది. ఐసు పెట్టెల గురించి రెండు వాక్యాలు చెప్పింది. ఫ్లోరెన్స్ రెండూ చెప్పింది. మూడోది మొదలుపెట్టే ముందు ఆ అమ్మాయి తల్లి వైపు చూసింది. వెనకాల ఎవరో "అదిగో!" అన్నారు. నవ్వులు వినబడ్డాయి.

సుమేధ పోయినసారి ఇంగ్లీషులో చెప్పిందే చెప్పింది. అవే మాటలు, అదే సన్నటి గొంతు. చెప్పడం అయ్యాక పక్కకి జరిగి నిలబడింది.

ఫ్లోరెన్స్ మైకు పట్టుకుంది. కొత్త భవనం వాక్యం నాలుక చివర్న తయారుగా ఉంది. దాన్ని కంఠస్థం చేసింది తనే. రాణిగారు ఆమెనే చూస్తున్నారు. ఎప్పట్లా ఊరికే చూస్తున్నారు.

"హాస్టలు..." అంది. "ఈ ఏడుతో మూసేస్తున్నారు."

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆమె గొంతు మైకు దాకా కూడా వెళ్ళలేదు. తనకే సరిగ్గా వినబడలేదు. నీలకంఠం కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. అంతటితో అయిపోయిందేమోనని, చెప్పీ చెప్పనట్టే ఉండిపోతుందేమోనని ఆమెకి ఆశ పుట్టింది.

"ఇనబడ్నేదమ్మా!" అరిచింది రామలక్ష్మమ్మ.

"టీచరమ్మా, నీ గొంతుకేటయిందే! చినరాణి దోమ నీకూ పట్టిందేటి?" అంది ఇంకొకామె. గోనెపట్టాల మీద నవ్వు పాకింది.

"గట్టిగా! గట్టిగా సెప్పు!"

మైకుసెట్టు కుర్రాడు పాపం సాయం చేద్దామనుకుని సౌండు పెంచే బిరడా తిప్పాడు. స్పీకర్లు ఒక్కసారి కూతపెట్టి సర్దుకున్నాయి. ఇప్పుడు ఆమె ఊపిరి కూడా హార్బరంతా వినబడుతోంది. రెండొందల మొహాలు నవ్వుతూ ఆమె వైపే ఉన్నాయి. రామలక్ష్మమ్మ చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకి వంగింది.

రాణిగారు తల అడ్డంగా ఊపారు. చాలా కొంచెం. ఫ్లోరెన్స్ అది చూసింది.

"మన హాస్టలు ఈ ఏడుతో మూసేస్తున్నారు," అంది. ఈసారి గొంతు ఖంగుమంది. "స్థలం వేరేవాళ్ళకిస్తున్నారు. వద్దని నేను మా అమ్మని అడిగాను. మీకు ముందే తెలియాలి. అమ్మగారు... యువరాణిగారు అంటున్న మాట ఇది. పోయినసారి కూడా ఇదే అన్నారు. మార్చి చెప్పింది నేను."

ఆ చివరిది ఎవరి మాటకీ తర్జుమా కాదు.

నవ్వులు ఆగాయి. రామలక్ష్మమ్మ చెవి దగ్గరి చెయ్యి తియ్యలేదు. అలాగే ఉండి అడిగింది, "శనివారమంటే... రేపే గదేటి?"

"రేపే," అంది ఫ్లోరెన్స్. "వెళ్ళి సంతకం పెట్టు."

రామలక్ష్మమ్మ గోనెపట్టా దులపకుండానే లేచింది. ఆమె వెనక ఇంకొకామె లేచింది. నీలకంఠం మైకుసెట్టు వైపు పరుగులాంటి నడకతో వెళుతున్నాడు. ఫ్లోరెన్స్‌కి కళ్ళ ముందు సున్నం తడి ఆరని గోడ, బస్సు తాళాలు, గేటు కనబడ్డాయి. పట్టుకోవడానికి మైకు తప్ప ఏమీ లేదు.

పక్కన సుమేధ గొంతు సవరించుకుంది. తల్లి వైపు చూసింది, మళ్ళీ జనం వైపు తిరిగి, తరువాతి వాక్యం మొదలుపెట్టింది. ఫ్లోరెన్స్ ఒక అడుగు వెనక్కి, తన చోటికి జరిగి, వినసాగింది.