పెళ్లి పసుపుతో పళ్లెం

కళ్లకు కొట్టే రంగులంటే నాకు మొదటినుంచీ పడదు. ఇంట్లో రెజిన్ ద్రవాన్ని అచ్చుల్లో పోసి పళ్లేలు చేయడం మొదలుపెట్టాక, దిల్‌సుఖ్‌నగర్ షాపుల్లో వెలిసిపోయినట్టుండే పిగ్మెంట్ రంగులే ఏరి తెచ్చుకునేదాన్ని. ఆ పిచ్చి మా ఇంటి ఓనరు కూతురికీ ఉంది.

మన్సూరాబాద్‌లో ఓనర్ ఆంటీ వాళ్లది కింది వాటా, మాది పైది. ఈమధ్యే కూతురి పెళ్లయింది, పెద్ద అంబర్‌పేట్‌లో అత్తారిల్లు. ఒకరోజు ఆంటీ చిన్న కవరుతో పైకి వచ్చింది.

"బిడ్డ పెండ్లికి ఇంట్ల దంచిన పసుపుల గింతే మిగిలింది. జర ఇది ఏసి ఒక ప్లేట్ చెయ్యి. దానికి నీ లెక్కనే డల్ కలర్లు ఇష్టం."

"అలాగే ఆంటీ, జాగ్రత్తగా చేస్తాను," అన్నాను. అంత ధీమా ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు.

పసుపంతా రెజిన్‌లో కలిపాను. ముదురుగా అనిపించి తెల్ల పిగ్మెంటు, చిటికెడు బూడిదరంగు వేస్తే గంధంలా చూడముచ్చటగా వచ్చింది. ఇక గట్టిపడటానికి హార్డెనర్ పోసి కలుపుతుంటే రంగు తిరగడం మొదలైంది. ముందు నారింజ, తర్వాత ఇటుక ఎరుపు. కలిపే పుల్లకు పాత రంగేమైనా అంటుకుని ఉందా? పిగ్మెంటు డబ్బా మారిందా? అన్నీ తెరిచి చూశాను, బుర్ర పనిచేయలేదు. ఆలస్యం చేస్తే గిన్నెలోనే గడ్డకడుతుంది. పారబోద్దామంటే పెళ్లి పసుపు మొత్తం అందులోనే ఉందాయె. ఏడుపొచ్చింది. అచ్చులో పోసేశాను.

మర్నాడు అచ్చులోంచి వెలిసిన ఎరుపు పళ్లెం ఊడి వచ్చింది. పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తాం కదా, హార్డెనర్ కూడా అదే పని చేసిందా? ఏమో. ఆంటీ వస్తే అదే చెప్పాను.

ఆంటీ పళ్లేన్ని అటూ ఇటూ తిప్పింది. "నా బిడ్డ పసుపేది?" అంది.

"అందులోనే ఉంది ఆంటీ." నా మాట నాకే నమ్మకంగా లేదు.

"గా కవర్ ఉన్నదా, పారేసినవా?"

బల్ల మీదే ఉంది, తెచ్చిచ్చాను. దాన్ని చింపి మూలల్లో వేలితో తుడిచింది. వేలికొసకు కాస్త పసుపంటింది. మెడలోని పుస్తెలు బయటికి తీసి వాటికి అద్దింది, కళ్లకద్దుకుంది. కోపమో, బెంగో ఆ ముఖంలో నాకేమీ తెలియలేదు.

"ప్లేట్ బిడ్డకు పంపిస్త," అంది. "నాకు గిది చాలు."