ఇదిగో, మిమ్మల్నే

మా ఆయనను నేను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. మా కాలపు ఆడవాళ్ళెవరూ పిలవలేదు. "ఇదిగో, మిమ్మల్నే" అనేదాన్ని. ఆ పిలుపుకు ఆయన మొదటిసారి పలికిన పాపాన పోలేదు. రెండోసారీ అంతే. మూడోసారి పిలిస్తే "ఏటే?" అనేవారు, అదీ విసుగ్గా. బద్ధకమని నేను, కాదు జాగ్రత్త అని ఆయన. గాలీ ధూళీ మనిషి గొంతు పెట్టుకుని పిలుస్తాయనీ, కానీ వాటికి రెండుసార్లే చేతనవుననీ, మూడోసారి పిలిచింది మనిషేననీ వాళ్ళమ్మ చిన్నప్పుడే నూరిపోసిందట. శ్రీకాకుళం వైపు నుంచి మా అత్తగారు ఓడలో మలయాకు తెచ్చుకున్న సామానులో చెదపట్టకుండా మిగిలింది ఆ ఒక్క మాటే.

కమ్యూనిస్టులు అడవుల్లో చేరి తెల్లదొరలతో పోరాడిన ఎమర్జెన్సీ రోజుల్లో ఈ జాగ్రత్త ఆయన ప్రాణం మీదికే తెచ్చింది. బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరితోటలో ఆయన డ్రెస్సరు. తోట ఆసుపత్రిలో కట్లు కట్టి మందులిచ్చే పని. ఒకసారి కూలీల ఇళ్ళ లైనులో కాన్పు చూసి కర్ఫ్యూ వేళకు తిరిగొస్తుంటే ముళ్ళకంచె దగ్గర కాపలావాడు ఎవరని అరిచాడు. ఈయన గుంజలా నిలబడిపోయారు. రెండోసారి అరిచి తుపాకీ ఎత్తాడు. అయినా మాట లేదు. మూడో అరుపుకు "నేనేనయ్యా, డ్రెస్సర్ని" అన్నారట, అచ్చ తెలుగులో. ఆ మలయ్ కుర్రాడికి తెలుగు రాకపోయినా గొంతు గుర్తుపట్టాడు కాబట్టి బతికిపోయారు. ఆ పూట నేను తిట్టిన తిట్లు మా పక్కింటి తమిళావిడకు కూడా అర్థమయ్యాయి.

మెర్దేకా, అంటే స్వతంత్రం, వచ్చాక మా తోట దొర ఇంగ్లండు వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యాడు. ఇన్నేళ్ళూ అడవి పక్కనే ఉండి అడవిని చూడలేకపోయానని ఆయనకు బెంగ. పహాంగ్‌లో నది మీద పైకి వెళ్ళి, గుడారాలు వేసుకుని, కాలినడకన తిరిగి జంతువుల్ని చూసి రావాలన్నాడు. వేటకు కాదు, ఉత్తినే చూడటానికి. ఆ ప్రాంతంలో అప్పటికే కర్ఫ్యూ ఎత్తేశారు. దొర గుండె బలహీనం కాబట్టి డ్రెస్సరు వెంట ఉండాలి. ఇంకో ఆడమనిషి లేకపోతే నేను రానని దొరసాని అంది కాబట్టి నేనూ ఉండాలి. అలా బయలుదేరాం. అడవంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. చెట్టును చూస్తే దాని వెనక ఎవరున్నారో అనుకునే రోజులు అవి.

పడవలో బియ్యం మూట నా కాళ్ళ దగ్గరే పెట్టారు. అన్నేళ్ళపాటు తోట గేటు దాటి పిడికెడు బియ్యం కూడా బయటికి తీసుకెళ్ళనివ్వలేదు, అడవిలోవాళ్ళకు చేరుతుందని. అన్నం పొట్లం పట్టుకుపోయినందుకు జైలుకు పోయినవాళ్ళున్నారు. ఇప్పుడు మూటకు మూట అడవిలోకి మోసుకుపోతుంటే, ఏ మలుపులోనైనా ఎవరో ఆపుతారని నా చీర కొంగు దాని మీద కప్పి కూర్చున్నాను. మా ఆయన చూసి నవ్వారు.

పడవ నడిపే మలయ్ పెద్దాయనను అందరం పాక్ చిక్ అనేవాళ్ళం, అంటే బాబాయి. గుడారాలు వేసిన ఇసుకదిబ్బ మీద దిగగానే ఆయన రెండు కట్టుబాట్లు చెప్పాడు. పులిని పులి అనకూడదు, తాత అనాలి. మనుషుల్ని పేరు పెట్టి పిలవకూడదు, ఎందుకంటే పేరు వింటే అడవి దాన్ని నేర్చుకుంటుంది. దొర నవ్వి తన పుస్తకంలో రాసుకున్నాడు. పేర్లు పిలవకపోవడం నాకేమీ కొత్త కాదు కాబట్టి నేను పప్పు పొయ్యి మీద పెట్టుకున్నాను.

పగలే భయం వేసే చోటు అది. కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరుస్తూ అరుస్తూ, ఎవరో నోరు మూసినట్టు అన్నీ ఒక్కసారే ఆగిపోయేవి. అప్పుడు నది చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. మళ్ళీ మొదలయ్యేదాకా మేమూ గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం, దొరసానితో సహా.

రెండో రోజు పొద్దున్నే అందరం నడిచాం. గులకరాళ్ళ రేవు దగ్గర నది మోకాలి లోతే. అక్కడ దాటి అవతలి గట్టు వెంట పోయాం. ఆవిరి పోతున్న ఏనుగు లద్దె చూశాం. ఏనుగు కనబడలేదు. అంత పెద్ద జంతువు అంత దగ్గర్లో ఎక్కడో నిలబడి మమ్మల్ని చూస్తోందని తెలిసి కూడా కనబడకపోవడం నాకు నచ్చలేదు.

తిరుగుదారిలో ఒక పాక ఎదురైంది. కప్పు కూలిపోయింది. లోపల వెదురు మంచం, తుప్పు పట్టిన పళ్ళెం, వరసగా పేర్చిన మందుసీసాలు. అడవిలోవాళ్ళ మకాం అని ఎవరూ చెప్పక్కర్లేదు. పాక్ చిక్ తల దించుకుని గబగబా నడిచాడు. మేమూ నడిచాం. మా ఆయన మాత్రం సీసాల దగ్గర ఆగారు. మందు కనబడితే ఆయన కాళ్ళు కదలవు. వచ్చేస్తారనుకున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

మేం రేవు దాటి ఇవతలికి వచ్చేసరికి వాన పట్టుకుంది. గుడారాలు చేరేసరికి పట్టపగలే చీకటి కమ్మింది. ఆయన రాలేదు. పాక్ చిక్, దొర రేవు దాకా పరుగున వెళ్ళి, అంతకంటే తొందరగా తిరిగి వచ్చారు. మోకాలి లోతు రేవు ఇప్పుడు నిలువు లోతయింది, చెట్లను దొర్లించుకుపోతోంది. మా ఆయన అవతలి గట్టు మీద ఒంటరిగా ఉన్నారు. ఆయనకు ఈత రాదు.

గుడారం ముందు ఒడ్డున నిలబడి దొర ఆయన పేరు ఎత్తబోయాడు. పాక్ చిక్ దొర నోటికి తన చెయ్యి అడ్డం పెట్టాడు. మెర్దేకాకు ముందైతే అలా చేసేవాడో లేదో. పేరు లేకుండా ఎలా పిలుస్తారని దొర అడిగాడు. అప్పుడు అందరూ నా వైపు చూశారు.

నేను నీళ్ళ అంచుకు వెళ్ళి, గొంతెత్తి, "ఇదిగో, మిమ్మల్నే" అని పిలిచాను.

"ఆఁ" అని అవతలి గట్టు నుంచి వెంటనే సమాధానం వచ్చింది.

గొంతు ఆయనదే. దొరసాని నన్ను కౌగలించుకుంది. దొర పడవ దించమన్నాడు. నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. పిలవగానే పలికేవారా మా ఆయన? ఇంట్లో పళ్ళెంలో అన్నం పెట్టి పిలిచినా పలకని మనిషి.

"ఆయన కాదు, పడవ దించొద్దు" అన్నాను.

దొర నాకు మతి పోయిందనుకున్నాడు. మొగుడు గట్టున ఉండి పలుకుతుంటే పెళ్ళాం కాదంటోంది, అనుకోడా మరి. ఆ వరదలో పడవ బోల్తా కొట్టడం ఖాయమని పాక్ చిక్‌కు తెలుసు. అయినా నేను సరే అంటే దించేవాడే, ఆ మాట ఆయన కళ్ళలో కనబడింది. ఒకవేళ ఆయనే అయితే? ఎప్పుడూ లేనిది ఈ ఒక్కసారికీ పలికి ఉంటే? నేను నా చేత్తోనే ఆయనను చంపుకుంటున్నానా?

రెండోసారి పిలిచాను. "ఆఁ" అని వినబడింది. ఈసారి అవతలి గట్టు నుంచి కాదు. నది మధ్య నుంచి. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. అందరం చూస్తూనే ఉన్నాం, ఎర్రటి నీళ్ళు, వాటి మీద వాన. దొర చేతిలోని పడవ తాడు వదిలేశాడు. పాక్ చిక్ నోట్లోనే ప్రార్థన మొదలుపెట్టాడు.

మూడోసారి పిలవబోయి ఆగాను. ఇప్పుడు పిలిస్తే ఎక్కడి నుంచి పలుకుతుందో, ఎంత దగ్గరగా పలుకుతుందో అని భయం. కానీ ఆయన మూడోదానికే పలుకుతారు. నేను పిలవకపోతే ఆయన ఇక పలకరు. కళ్ళు మూసుకుని పిలిచాను.

"ఏటే?"

ఆ విసుగు ఆయనదే. మా గట్టు మీదే, గుడారాల పైనున్న తుప్పల్లోంచి ఆయన బయటికి వచ్చారు. నిలువెల్లా తడిసి, ఒక కాలికి బూటు లేకుండా. అందరూ చుట్టూ మూగారు. ఎలా దాటావని దొర అడిగితే, దాటాను అన్నారు, అంతే. దొర గుండెకని తెచ్చిన బ్రాందీ ఈయన తాగి పడుకున్నారు. నేను పక్కనే కూర్చుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టి ఊపిరి చూస్తూనే ఉన్నాను.

పొద్దున్న వాన వెలిసింది. నిప్పు దగ్గర టీ తాగుతూ ఆయన కుడి మణికట్టు రుద్దుకుంటున్నారు. ఆ సీసాలు చూస్తూ దారి తప్పాననీ, గట్టుకు వచ్చేసరికి నది పొంగిందనీ, ఇక అయిపోయిందనుకున్నాననీ చెప్పారు.

"అంతలోకే నువ్వు పిలిచినావు" అన్నారు.

"మొదటిసారికే పలికారేం?" అన్నాను.

"బయమేసినాదే." ఆ మాట ఆయన నోట నేను అంతకుముందు వినలేదు. తర్వాత నవ్వి, మణికట్టు నా ముందుకు చాపారు. "పలికినాను, వచ్చినావు, సెయ్యట్టుకుని దాటించినావు. బాగానే ఉంది గానీ, అంత గట్టిగా పట్టుకోవాలేటే? ఇంకా నొప్పెడతన్నాది."

నేను గుడారాల ముందు నుంచి కదలనేలేదు. ఆ సంగతి దొర చెప్పగలడు, దొరసాని చెప్పగలదు, పాక్ చిక్ చెప్పగలడు. నా మొహం పెట్టుకుని వచ్చింది ఎవరో, అడవిదో, ఆ పాకలో ఎవరైనా చనిపోయి ఉంటే ఆ మనిషో, నాకు తెలియదు. భయం వేసింది. అంతకంటే ఎక్కువగా, దానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఆయన కన్నుమూసేదాకా ఈ సంగతి ఆయనకు చెప్పలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ పొద్దున్న మాత్రం ఆయన మణికట్టు నా ఒళ్ళో పెట్టుకుని, వేణ్ణీళ్ళ గుడ్డతో కాపడం పెట్టాను.

"మీకు ఈత రాదు గదండీ," అన్నాను, "అందుకే."